నష్టం కంపెనీది, పంతం నగరానిది: మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ

1955లో అమెరికాలోని అలబామా రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీలో తిరిగే సిటీ బస్సుకి 36 సీట్లు. ముందు పది తెల్లవారివి. బస్సులో ఒక్క తెల్లమనిషి లేకపోయినా ఆ పదీ ఖాళీగానే ఉండాలి. పనినుంచి ఇళ్ళకి పోయే నల్లవాళ్ళు నడవలో కిక్కిరిసి నిలబడి ఆ ఖాళీ సీట్లను చూస్తూ ప్రయాణం చేసేవారు. వెనక పది నల్లవారివి. మధ్యలో మిగిలిన పదహారూ ఎవరివన్నది డ్రైవరు ఇష్టం. ముందు సీట్లు నిండాక ఇంకో తెల్లమనిషి ఎక్కాడంటే డ్రైవరు మధ్యలో ఒక వరస మొత్తాన్ని లేపేసేవాడు. కావలసింది ఒక్క సీటే అయినా నలుగురూ లేవాలి. తెల్లమనిషి కూర్చున్న వరసలో, నడవకి అటుపక్కనైనా సరే, నల్లమనిషి ఉండకూడదన్నది లెక్క.

టికెట్టు పది సెంట్లు. ముందు తలుపు దగ్గర డ్రైవరు చేతికిచ్చి, కిందికి దిగి, బస్సు పక్కనుంచి నడుచుకుంటూ పోయి వెనక తలుపులోంచి ఎక్కాలి. డబ్బులు పుచ్చుకున్న మనిషి వెనక తలుపు దాకా చేరకముందే బండి లాగించేసే డ్రైవర్లు ఉండేవారు. వాళ్ళని అడిగే దిక్కు లేదు. బస్సులో ఈ విభజనను అమలు చేసేందుకు డ్రైవరుకి పోలీసు అధికారాలు ఇస్తూ నగర శాసనమే ఉంది.

ఇంతకీ ఆ బస్సులెక్కేవారిలో ముప్పావు వంతు నల్లవారే. ఎవరి డబ్బుతో కంపెనీ నడుస్తోందో వాళ్ళనే నిలబెట్టి తీసుకుపోతున్న వ్యాపారం అది. ఆ డబ్బు ఆపేస్తే కంపెనీ దిగివస్తుందని ఎవరికైనా తడుతుంది. కంపెనీ దిగివచ్చింది కూడా. కానీ 1955 డిసెంబరు 5న మొదలైన బహిష్కరణ 381 రోజులు సాగింది. ఎందుకంత కాలం పట్టిందో తెలుసుకోవాలంటే నష్టపోయింది ఎవరు, నిర్ణయం చేతిలో ఉన్నది ఎవరు అన్న రెండు ప్రశ్నలనూ విడివిడిగా అడగాలి.

అలసిపోయిన ఒక కుట్టుపనిమనిషి సీట్లోంచి లేవనందన్న కథ అందరికీ తెలిసిందే. రోజా పార్క్స్‌కి అప్పుడు 42 ఏళ్ళు. ఊరి నడిబొడ్డున ఒక పెద్ద దుకాణంలో బట్టలు సరిచేసే పని. అదొక్కటే చెప్పి ఆపేస్తే ఆమెకు అన్యాయం చేసినట్టు. నల్లవారి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ స్థానిక శాఖకి ఆమె ఏళ్ళ తరబడి కార్యదర్శి. ఆ ఏడాది వేసవిలోనే టెనెసీలోని హైలాండర్ అనే ఉద్యమ పాఠశాలకి వెళ్ళి వచ్చింది. డిసెంబరు 1, గురువారం సాయంత్రం క్లీవ్‌లాండ్ అవెన్యూ బస్సులో ఆమె కూర్చున్నది మధ్య భాగంలో మొదటి వరస. ఒక తెల్ల మగమనిషి నిలబడి ఉన్నాడని డ్రైవరు జేమ్స్ బ్లేక్ ఆ నలుగురినీ లేవమన్నాడు. ముగ్గురు లేచారు. ఇదే బ్లేక్ 1943లో ఆమెను వెనక తలుపునుంచి ఎక్కమని గద్దించి బస్సు దింపేసినవాడు.

ఇందులో ఒక చిన్న తిరకాసుంది. మాంట్‌గోమరీ నగరం ట్రాముల్లో విభజన తెచ్చింది 1900లో. అప్పుడూ నల్లవారు ట్రాములెక్కడం మానేశారు. ఆనాటి శాసనం ప్రకారం వేరే సీటు ఖాళీగా లేనప్పుడు ఎవరినీ ఉన్న సీట్లోంచి లేపకూడదు. ఆ మాట పుస్తకంలో ఉండిపోయింది, ఆచారం మాత్రం దాన్ని దాటి ఎక్కడికో పోయింది. పార్క్స్‌ను లేపేటప్పటికి బస్సులో ఖాళీ సీటు లేదు. నగర శాసనం ప్రకారమే చూస్తే తప్పు డ్రైవరుది. ఆ సంగతి ప్రభుత్వ న్యాయవాదికీ తెలిసినట్టుంది. కోర్టులో నగర శాసనాన్ని పక్కనపెట్టి రాష్ట్ర చట్టం కింద కేసు నడిపించారు. పది డాలర్ల జరిమానా, నాలుగు డాలర్ల ఖర్చులు.

సీటు వదలనన్నది ఆమె ఒక్కతే కాదు, మొదటిదీ కాదు. అదే ఏడాది మార్చి 2న క్లాడెట్ కోల్విన్ అనే పదిహేనేళ్ళ బడిపిల్లను పోలీసులు బస్సులోంచి ఈడ్చుకుపోయారు. అక్టోబరులో పద్దెనిమిదేళ్ళ మేరీ లూయిస్ స్మిత్ అరెస్టయింది. కోల్విన్ కేసునే పట్టుకుని ఎందుకు ముందుకు పోలేదంటే, చిన్నపిల్ల అనీ, పేదలుండే పేటనుంచి వచ్చిందనీ, తర్వాత గర్భవతి అయిందనీ రకరకాల కారణాలు చెబుతారు. పెద్దలు మరీ మర్యాదస్తులు కావడం వల్ల అవీ పనిచేసి ఉంటాయి. కానీ న్యాయపరంగా ఇంకో అడ్డు ఉంది. అప్పీలులో జడ్జి విభజన చట్టాన్ని ఉల్లంఘించిందన్న ఆరోపణను కొట్టేసి, పోలీసు మీద చెయ్యి చేసుకుందన్న ఆరోపణను మాత్రం ఉంచాడు. చట్టాన్ని సవాలు చేయాలంటే ఆ చట్టం కింద శిక్ష పడాలి కదా. ఆ దారి అలా మూసేశారు.

పార్క్స్ అరెస్టయిన రాత్రి అసలు పని చేసింది జో ఆన్ రాబిన్సన్. నల్లవారి కళాశాల అలబామా స్టేట్‌లో ఇంగ్లీషు చెప్పే ఆమె, విమెన్స్ పొలిటికల్ కౌన్సిల్ అధ్యక్షురాలు. బస్సులు మానేస్తామని 1954 మే నెలలోనే మేయర్ గేల్‌కి ఉత్తరం రాసిన మనిషి. ఆ అర్ధరాత్రి ఒక సహోద్యోగినీ ఇద్దరు విద్యార్థులనూ వెంటబెట్టుకుని కళాశాలకి పోయి నకళ్ళు తీసే మిమియోగ్రాఫ్ యంత్రం ముందు నిలబడింది. కాగితం కలిసి రావాలని ఒక్కో తావు మీద అదే ప్రకటన మూడుసార్లు టైపు చేసి, అచ్చు తీశాక మూడు ముక్కలుగా కోశారు. తెల్లవారుజామున నాలుగింటికి పదుల వేల కరపత్రాలు కట్టలు కట్టి సిద్ధం. మరో నల్ల స్త్రీని అరెస్టు చేశారు, సోమవారం ఎవరూ బస్సెక్కకండి, అన్నది సారాంశం. కళాశాల ప్రభుత్వానిది. కాగితం ప్రభుత్వానిది. తెలిస్తే ఉద్యోగం పోతుంది. ఆ కరపత్రం మీద ఎవరి పేరూ లేదు.

పాస్టర్లు చేరింది ఆ తర్వాతే. మాటకి కట్టుబడే ముందు కొందరు తటపటాయించారు కూడా. ఈలోగా పోలీసు కమిషనర్ క్లైడ్ సెల్లర్స్ తెలియకుండానే ఉద్యమానికి సాయం చేశాడు. బస్సెక్కాలనుకునే నల్లవారిని గూండాలు బెదిరిస్తారంటూ సోమవారం బస్సుల వెనకాల మోటారు సైకిళ్ళ మీద పోలీసుల్ని పంపాడు. కరపత్రం చదవనివాళ్ళు, చదివినా పట్టించుకోనివాళ్ళు బస్సు వెనక పోలీసుల్ని చూసి ఎక్కకుండా ఆగిపోయారు. ఆ ఒక్కరోజు కోసం పిలిచిన బహిష్కరణ, ఆ సాయంత్రం హోల్ట్ స్ట్రీట్ చర్చిలో వేలమంది పోగయ్యేసరికి ఇంకా కొనసాగాలని తేలింది. నడిపేందుకు మాంట్‌గోమరీ ఇంప్రూవ్‌మెంట్ అసోసియేషన్ అని సంఘం పెట్టి, ఊరికి వచ్చి ఏడాది దాటిన, ఎవరితోనూ పాత తగాదాలు లేని 26 ఏళ్ళ పాస్టరును అధ్యక్షుణ్ణి చేశారు. మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ ప్రపంచానికి తెలిసింది అలా.

ఆ సభలో చదివిన మూడు కోరికలు చూస్తే ఇప్పటివాళ్ళకి ఆశ్చర్యం కలుగుతుంది. డ్రైవర్లు మర్యాదగా మాట్లాడాలి. నల్లవారు వెనకనుంచి ముందుకి, తెల్లవారు ముందునుంచి వెనక్కి, ఎవరు ముందొస్తే వాళ్ళు కూర్చోవాలి, కూర్చున్నవాళ్ళని లేపకూడదు. నల్లవారు ఎక్కువగా తిరిగే రూట్లలో నల్ల డ్రైవర్లని పెట్టాలి. విభజన పోవాలని ఎవరూ అడగలేదు! రెండో కోరిక కొత్తదేం కాదు, అదే అలబామాలో మొబీల్ నగరంలో అమల్లో ఉన్నదే. 1953 జూన్‌లో లూసియానాలోని బేటన్ రూజ్‌లో పాస్టర్ టి. జె. జెమిసన్ నడిపిన బహిష్కరణ కొద్ది రోజుల్లోనే ఇంచుమించు ఇలాంటి రాజీతో ముగిసింది. మాంట్‌గోమరీలోనూ ఓ వారం పదిరోజుల్లో తేలిపోతుందనే అందరూ అనుకున్నారు.

తేలలేదు. కంపెనీ వకీలు, ఊరిని పాలించే నగర కమిషనర్లు కలిసి అది చట్టవిరుద్ధమన్నారు. అదే రాష్ట్రంలో ఇంకో నగరంలో చెల్లే పద్ధతి ఇక్కడ చట్టవిరుద్ధం ఎలా అయిందన్నదానికి జవాబు చట్టంలో దొరకదు. ఒకసారి ఇస్తే ఇంకోటి అడుగుతారన్నదే వాళ్ళ భయం. అంత చిన్న కోరికకి ఒప్పుకుని ఉంటే ఆ నగరంలో విభజన ఇంకొన్నేళ్ళు హాయిగా సాగి ఉండేది. పంతానికి పోయి మొత్తం పోగొట్టుకున్నారు.

ఇక ఇక్కడినుంచి ఇది రవాణా కథ. రోజుకు రెండుసార్లు బస్సెక్కే నల్లవారు దాదాపు 17,500 మంది అని కింగ్ చెప్పిన లెక్క. అంటే రోజుకి 35,000 ప్రయాణాలు. మొదటి రోజుల్లో నల్లవారి టాక్సీలు, 18 కంపెనీలవి రెండొందల పైచిలుకు, మనిషికి బస్సు ఛార్జీయే, పది సెంట్లే పుచ్చుకుని తిప్పాయి. కమిషనర్ సెల్లర్స్ పాత నిబంధన ఒకటి బయటికి లాగాడు: టాక్సీకి కనీస ఛార్జీ 45 సెంట్లు. కాదంటే అరెస్టే. ఆ దెబ్బతో టాక్సీలు ఆగిపోయాయి. కింగ్ బేటన్ రూజ్‌కి ఫోన్ చేసి, మీరు కార్లు ఎలా తిప్పారని జెమిసన్‌ను అడిగాడు.

అలా పుట్టిన కార్ పూల్‌లో దాదాపు 300 కార్లు తిరిగాయి. పొద్దున్నే ఎక్కించుకునే చోట్లు 48, సాయంత్రం ఇళ్ళకి తీసుకొచ్చేందుకు 42. ఏ ఇంట్లో పనిమనిషి ఏ వీధి చివర నిలబడితే దగ్గరో తెలియాలంటే ఊరు మూలమూలా తెలిసినవాళ్ళు కావాలి. ఆ పని నల్ల పోస్ట్‌మన్లు చేశారు. పటం పరిచి రూట్లు గీసింది వాళ్ళే. ఊరి మధ్యలో నల్లవారి చేతిలో ఉన్న ఒక పార్కింగ్ స్థలమే ప్రధాన కూడలి అయింది. నగరం నడిపే సర్వీసు కంటే పద్ధతిగా ఉందని అప్పటివాళ్ళు చెప్పుకున్నారు.

అయినా లెక్క వేసి చూడండి. 35,000 ప్రయాణాలను 300 కార్లకి పంచితే కారుకి వంద దాటుతాయి. కారు యజమానుల్లో చాలామందికి వాళ్ళ ఉద్యోగాలు వాళ్ళకున్నాయి. ఎంత ఇరికించి కూర్చున్నా అందరికీ కార్లు చాలవు. అంటే వేలమంది నడిచారు. రోజుకి ఎన్నో మైళ్ళు, వానలో, చలిలో, పొద్దుటిపూట చీకట్లో. కార్ పూల్ గురించి ఎంత చెప్పినా, ఈ ఉద్యమం భారమంతా చివరికి పడింది పాచిపనులకీ వంటపనులకీ పోయే ఆడవాళ్ళ కాళ్ళ మీద.

కార్లకి పెట్రోలు కావాలి. టైర్లు కావాలి. చర్చిల పేరు మీద స్టేషన్ వ్యాగన్లు కొన్నారు. పక్కన చర్చి పేరు రాసుకుని తిరుగుతుంటే జనం వాటిని చక్రాల మీది చర్చిలనేవారు. నెలకి ఖర్చు 5,000 డాలర్ల దాకా పోయింది. తర్వాతి కాలంలో దేశం నలుమూలలనుంచీ చందాలు వచ్చాయి గానీ ముందుగా ఇల్లు గడిపింది ఊరివాళ్ళే. జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి తోటి ఆడవాళ్ళను పోగుచేసింది. కోడి వేపుడు శాండ్‌విచ్‌లు, కేకులు, పైలు ఇళ్ళల్లో చేసి అమ్మి ప్రతి సోమవారం రాత్రి సభలో డబ్బు తెచ్చి పోసేవారు. ఎక్కడిదమ్మా ఈ డబ్బంటే, ఎక్కడినుంచీ కాదు, అనేది జవాబు. ఆ బృందం పేరే ‘ఎక్కడినుంచీ కాని క్లబ్బు’. సరదాకి పెట్టుకున్న పేరు కాదది. వండినవాళ్ళూ కొన్నవాళ్ళూ తెల్లవారి దగ్గర పనిచేసేవాళ్ళే. పేరు బయటపడితే పని పోతుంది. కింగ్ మీద పెట్టిన కేసులో సాక్ష్యం చెప్పినందుకు గిల్మోర్ వంట ఉద్యోగం పోయింది. తర్వాత ఆమె ఇంట్లోనే పెట్టుకున్న వంటశాలకి పాస్టర్లూ రాజకీయ నాయకులూ భోజనానికి వచ్చేవారు.

ఈ రవాణాని ఆపాలంటే ఎక్కడ పట్టుకోవాలో తెల్లవారికి కొంత ఆలస్యంగా తెలిసింది: ఇన్సూరెన్స్ దగ్గర. బీమా లేకుండా ఆ వ్యాగన్లను తిప్పలేరు. నాలుగు నెలల్లో నాలుగుసార్లు చర్చి వ్యాగన్ల పాలసీలు రద్దయ్యాయి. దక్షిణాదిన ఎవరూ రాయడానికి ముందుకు రాకపోతే అట్లాంటాలో నల్ల ఇన్సూరెన్స్ ఏజెంట్ టి. ఎం. అలెగ్జాండర్ సముద్రం అవతల లండన్‌లోని లాయిడ్స్ ద్వారా పాలసీ తెప్పించాడు. పోలీసులు తమ వంతు చేశారు. సందు దొరికితే చలాను. జో ఆన్ రాబిన్సన్ ఒక్కదానికే రెండు నెలల్లో 17 వేశారు. ఇరవై అయిదు మైళ్ళ వేగం దాటకూడని చోట ముప్ఫై మైళ్ళలో పోయాడని 1956 జనవరి 26న కింగ్‌ను జైలుకి తీసుకుపోయారు. నాలుగు రోజులకి ఆయన ఇంటి వరండాలో బాంబు పేలింది. లోపల భార్య, చంటిబిడ్డ ఉన్నారు. ఇద్దరికీ ఏమీ కాలేదు.

తెల్లవారందరూ ఒక్కమాట మీద లేరు. పనిమనిషి రాకపోతే గిన్నెలు తోమేదెవరు? చాలా మంది తెల్ల గృహిణులు తమ కార్లలో వెళ్ళి పనివాళ్ళని తెచ్చుకుని మళ్ళీ దిగబెట్టేవారు. అది ఉద్యమానికి సాయం చేయడమేనని మేయర్ గేల్ బహిరంగంగా మందలించాడు. అయితే మేయరే వచ్చి మా బట్టలుతికి వంట చేసిపెట్టొచ్చు కదా అని ఆ ఆడవాళ్ళు ఎదురు అన్నారట. వాళ్ళలో ఎక్కువమందికి ఉద్యమం మీద ప్రేమేం లేదు, ఇంటి అవసరం. నగర గ్రంథాలయంలో పనిచేసే జూలియట్ మోర్గన్ మాత్రం వేరు. ఉద్యమం మొదలైన వారానికే స్థానిక పత్రికకి ఉత్తరం రాస్తూ ఈ నడకను గాంధీ ఉప్పు సత్యాగ్రహంతో పోల్చింది. ఆ పోలిక మొదట చేసింది ఒక తెల్ల లైబ్రేరియన్ అని కింగ్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. ఆమెను ఊరు వెలివేసినంత పని చేసింది. 1957లో ఆమె చనిపోయింది.

వెలి అన్న మాట ఇక్కడ ఊరికే రాలేదు. తెలుగు పత్రికల్లో ‘సాంఘిక బహిష్కరణ’ అని కనబడితే అది బలమున్న కులాలు దళితులకి విధించేది: పొలం పనికి పిలవరు, కొట్లో సరుకివ్వరు. ‘విదేశీ వస్తు బహిష్కరణ’ అంటే బలహీనుడు బలవంతుడి సొమ్ము ఆపడం. రెండింటికీ ఒకటే మాట వాడేస్తాం. మాంట్‌గోమరీలో ఈ రెండు బహిష్కరణలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. ఒకపక్క బస్సులెక్కని జనం. రెండోపక్క వైట్ సిటిజన్స్ కౌన్సిల్, అంటే ఉద్యోగాలు పీకించి, అప్పులు ఆపించి నల్లవారిని దారికి తేవాలనుకునే తెల్లవారి సంఘం. జనవరిలో మేయరుతో సహా ముగ్గురు నగర కమిషనర్లూ అందులో సభ్యులుగా చేరారు. నగరపాలన, ఆ సంఘం వేరు వేరన్న ముసుగు కూడా తీసేశారు.

ఫిబ్రవరిలో బహిష్కరణలను నిషేధించే 1921 నాటి రాష్ట్ర చట్టం దుమ్ము దులిపి కింగ్‌తో సహా దాదాపు తొంభై మంది మీద నేరారోపణ చేశారు. పోలీసులు ఇళ్ళకి వచ్చేదాకా ఆగకుండా మర్నాడు అందరూ మంచి బట్టలు వేసుకుని తామే వెళ్ళి లొంగిపోయారు. నా పేరుందా అని జాబితాలో వెతుక్కున్నవాళ్ళున్నారు. జైలంటే సిగ్గుపడే కాలం ఆ రోజుతో పోయింది. కింగ్ ఒక్కడి విచారణే జరిగింది. 500 డాలర్ల జరిమానా, అంతే మొత్తం ఖర్చులు. దేశంలోని పెద్ద పత్రికలన్నీ మాంట్‌గోమరీలో దిగింది అప్పుడే.

బస్సు కంపెనీ సంగతేమిటి? మాంట్‌గోమరీ సిటీ లైన్స్ స్థానికులది కాదు, షికాగోలోని నేషనల్ సిటీ లైన్స్‌కి అనుబంధం. నల్లపేటల రూట్లు తీసేశారు. ఛార్జీ పది సెంట్లనుంచి పదిహేనుకి పెంచారు. అయినా ఖాళీ బస్సులు ఖాళీగానే తిరిగాయి. చివరికి ఏప్రిల్‌లో సౌత్ కరోలినా బస్సుల కేసులో విభజన చెల్లదన్నట్టుగా సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చిందని తెలియగానే కంపెనీ, ఇకమీద మా డ్రైవర్లు విభజనను అమలు చేయరని ప్రకటించేసింది. వ్యాపారానికి సాకు దొరికింది, దొరికిందే చాలనుకుంది. విభజన పోవడానికి అంతకంటే ఏం కావాలి?

అసలు చిక్కు అక్కడే బయటపడింది. అమలు చేయకపోతే డ్రైవర్లని అరెస్టు చేస్తామని నగరం బెదిరించింది. మే నెలలో రాష్ట్ర కోర్టుకి వెళ్ళి, సొంత ఊళ్ళో బస్సులు నడిపే కంపెనీ మీదే ఉత్తర్వు తెచ్చుకుంది. మీ బస్సులు వద్దు, మేమే కంపెనీ పెట్టి నడుపుకుంటామని ఉద్యమ సంఘం లైసెన్సు అడిగితే అదీ ఇవ్వలేదు. నష్టపోతున్నది కంపెనీ, ఊరి మధ్య దుకాణాలవాళ్ళు. ఆ వర్తకులు కూడా రాజీకి మధ్యవర్తిత్వం చేసి విఫలమయ్యారు. నిర్ణయించాల్సిన కమిషనర్లకి బస్సు ఆదాయంతో పనిలేదు. వాళ్ళకి కావలసింది తెల్లవారి ఓట్లు. నల్లవారిలో అత్యధికులకి ఓటే లేదు. డబ్బుతో కొట్టే దెబ్బ డబ్బు లెక్కచూసే చోటే తగులుతుంది. మాంట్‌గోమరీ బహిష్కరణ కంపెనీని గెలిచింది, నగరాన్ని గెలవలేకపోయింది. విజయగాథగా చెప్పుకునేటప్పుడు ఈ ముక్క చాలామంది దాటేస్తారు.

నగరాన్ని గెలిచింది కేసు. వకీలు ఫ్రెడ్ గ్రే పాతికేళ్ళ వాడు, ఊళ్ళో ఉన్న ఇద్దరు నల్ల వకీళ్ళలో ఒకడు. పార్క్స్ అప్పీలు రాష్ట్ర కోర్టుల్లో పడితే ఏళ్ళు పడుతుందని ఆయనకి తెలుసు. అందుకని 1956 ఫిబ్రవరి 1న ఫెడరల్ కోర్టులో, అంటే కేంద్ర ప్రభుత్వ కోర్టులో, వేరే దావా వేశాడు, పార్క్స్ పేరు లేకుండా. రాజ్యాంగబద్ధత ప్రశ్న కాబట్టి ముగ్గురు జడ్జీల ధర్మాసనం వింటుంది, దానిమీద అప్పీలు నేరుగా సుప్రీంకోర్టుకే పోతుంది. వాదులు ఆరేలియా బ్రౌడర్, డెబ్భై దాటిన సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయిస్ స్మిత్, క్లాడెట్ కోల్విన్. అయిదో ఆమె ఒత్తిడి తట్టుకోలేక వెనక్కి తగ్గింది. ఆమె అనుమతి లేకుండా దావా వేశాడని గ్రే మీదే కేసు పెట్టారు. పెద్దలు పనికిరాదనుకున్న ఆ బడిపిల్ల పదహారేళ్ళ వయసులో ఫెడరల్ కోర్టు బోనెక్కి, ప్రతివాది వకీళ్ళ ప్రశ్నలకి తడబడకుండా జవాబులు చెప్పింది.

జూన్ 5న ఇద్దరు జడ్జీలు విభజన రాజ్యాంగ విరుద్ధమన్నారు. మూడో జడ్జి లిన్ ఒప్పుకోలేదు. బడుల విభజనను కొట్టేసిన 1954 తీర్పు బస్సుల గురించి ఏమీ అనలేదు, రవాణా విభజనను సమర్థించిన 1896 నాటి ప్లెసీ తీర్పును సుప్రీంకోర్టు తేల్చి రద్దుచేసేదాకా కింది కోర్టు దానికి కట్టుబడాలి అన్నది ఆయన వాదన. అది కొట్టిపారేయాల్సిన వాదన కాదు. కానీ కాలం దాటిపోయింది.

నవంబరు 13న జరిగింది కల్పించి రాస్తే నమ్మరు. కార్ పూల్ లైసెన్సు లేని ప్రైవేటు రవాణా వ్యాపారమని, దాన్ని ఆపాలని నగరం వేసిన కేసు ఆ రోజు జడ్జి కార్టర్ ముందు నడుస్తోంది. ఉత్తర్వు వస్తే అంతా కుప్పకూలుతుందని కింగ్ బెంగపడి కూర్చున్నాడు. విరామంలో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి ఒక కాగితం ముక్క ఆయన చేతిలో పెట్టాడు. సుప్రీంకోర్టు కింది తీర్పును ఖాయం చేసింది! కార్టర్ మాత్రం తన పని తాను చేసుకుపోయి ఆ మధ్యాహ్నం కార్ పూల్‌ను నిషేధించాడు. గెలిచిన రోజే కార్లు ఆగిపోయాయి. ఉత్తర్వు కాగితం మాంట్‌గోమరీకి చేరడానికి అయిదు వారాలు పట్టింది. ఆ అయిదు వారాలూ కార్ పూల్ లేదు. పక్కింటివాళ్ళ బండి దొరికినవాళ్ళు ఎక్కారు, మిగతావాళ్ళు నడిచారు. బస్సు మాత్రం ఎవరూ ఎక్కలేదు.

కేసే గెలిపించిందంటే నడిచినదంతా వృథాయేనా అని అడగొచ్చు. అడిగినవాళ్ళున్నారు. జవాబు ఆ అయిదు వారాల్లో ఉంది. రాష్ట్రాల మధ్య తిరిగే బస్సుల్లో విభజన చెల్లదని సుప్రీంకోర్టు 1946లోనే తీర్పిచ్చింది, అయినా దక్షిణాదిలో చాలాచోట్ల అది కాగితం మీదే ఉండిపోయింది. ఏ ఒక్కరో ధైర్యం చేసి ముందు సీట్లో కూర్చుంటే వాళ్ళనే లోపలేశారు. మాంట్‌గోమరీలో తీర్పు అందేసరికి ఏడాదిగా కలిసి పనిచేస్తున్న వేలమంది సిద్ధంగా ఉన్నారు. చర్చిల్లో కుర్చీలు బస్సు సీట్లలా వేసి ఒకడు డ్రైవరుగా, ఒకడు తిట్టే తెల్లవాడిగా నటిస్తే మిగతావాళ్ళు నోరు జారకుండా కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. తెల్లవారి పక్కన కావాలని కూర్చోవద్దు, వేరే సీటు లేకపోతేనే కూర్చోండి, గొప్పలు పోవద్దు, అని సూచనలు అచ్చేసి పంచారు. డిసెంబరు 21 తెల్లవారుజామున ఆరు కాకముందే మొదటి బస్సులో కింగ్, ఆయనతోపాటు ఉద్యమాన్ని నడిపిన అబర్నాతీ, నిక్సన్, గ్లెన్ స్మైలీ అనే తెల్ల పాస్టరు ఎక్కారు. డబ్బులు ముందు ఇచ్చి, ముందే కూర్చున్నారు.

ఆ తర్వాతి నెల బాగా గడవలేదు. బస్సుల మీద తుపాకులు పేలాయి. రోజా జోర్డాన్ అనే గర్భిణి కాళ్ళలో తూటాలు దిగాయి. జనవరి 10 రాత్రి నాలుగు చర్చిలు, ఇద్దరు పాస్టర్ల ఇళ్ళ మీద బాంబులు పడ్డాయి. రాత్రిపూట బస్సులు ఆపేశారు. పట్టుబడ్డ నిందితులను తెల్ల జ్యూరీ వదిలేసింది. ఉద్యోగం పోయిన రోజా పార్క్స్‌కి ఊళ్ళో పని దొరకలేదు. 1957లో భర్తతో, తల్లితో డెట్రాయిట్‌కి వలసపోయింది.  ఆమె ఎక్కిన 2857 నంబరు బస్సు ఇప్పుడు మిషిగన్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది.

క్లాడెట్ కోల్విన్ కూడా ఊరు వదిలి న్యూయార్క్ చేరి, వృద్ధుల ఆశ్రమంలో నర్సింగ్ సహాయకురాలిగా దశాబ్దాలు పనిచేసింది. ఆమె వాదిగా ఉన్న కేసు బస్సుల్లో విభజనను కొట్టేసింది గానీ, పోలీసు మీద చెయ్యి చేసుకుందన్న ఆనాటి నేరం మాత్రం మాంట్‌గోమరీ బాలల కోర్టు రికార్డులో అలాగే ఉండిపోయింది. 82 ఏళ్ళ వయసులో తీసేయమని దరఖాస్తు పెట్టుకుంది. 2021 చివర్లో జడ్జి సంతకం పెట్టాడు.